మెలకువకు కొలబద్ద



మా ఫిజియాలజీ మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు ఆయన కుటుంబం ఒక్క షరతు పెట్టింది. హాలులో సగం కుర్చీలు రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకే ఉంచుతామన్నారు, వాళ్లకు పనికొచ్చేలా మాట్లాడమన్నారు. ఆయన్ని ఎరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఫిజియాలజీ కాలేజీ గోడల మధ్య ఉండిపోయే చదువు కాదని నమ్మిన మనిషి ఆయన. రిటైరయ్యాక కూడా, డిపోవాళ్లు పిలిచినా నర్సింగు స్కూలువాళ్లు పిలిచినా, సంచీలో నాలుగు పటాలు పెట్టుకుని బస్సెక్కి వెళ్లి నిద్ర గురించి చెప్పి వచ్చేవారు. క్లాసులో లెక్క తప్పు చేసినవాణ్ణి క్షమించేవారు. కొలవకుండా అంకె వేసినవాడి రికార్డు మాత్రం వెనక్కి ఇచ్చేసేవారు. ఆ క్రమశిక్షణ వల్లే మాలో కొందరం కొలతలను నమ్ముకుని బతుకుతున్నాం.

మనిషి ఎంత మెలకువగా ఉన్నాడు, ఎంత అలిసిపోయాడు, ఎంత నిద్రమత్తులో ఉన్నాడు అన్నది కొలవడం ఎలా? ఇదీ ఇవాళ్టి విషయం. జ్వరం చూడటానికి థర్మామీటరు ఉంది. తాగాడో లేదో చూడటానికి గొట్టంలో ఊదిస్తారు. నిద్రమత్తుకు అలాంటి పరికరం కోసం నూరేళ్లకు పైగా వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు. వెతికినవాళ్లు సామాన్యులు కారు. వాళ్లకు ప్రతిసారీ ఒకే అడ్డంకి ఎదురైంది. మనిషిలోని పట్టుదల కొలతను కప్పేస్తుంది. పరీక్ష పెడుతున్నారని తెలియగానే అలిసినవాడు కూడా ఉన్న శక్తి అంతా కూడగట్టుకుంటాడు. పరీక్ష అయిపోయాక, ఎవరూ చూడని వేళ, తూలిపోతాడు. అందుకే మనిషిని కొలవడం కంటే ముందు అతని చేత చేయిస్తున్న గంటలను కొలవాలి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకే వివరణ.

1. వేలు చెప్పిన సంగతి

ఇక్కడున్న డాక్టర్లందరూ మొదటి సంవత్సరంలో ఎర్గోగ్రాఫ్ ప్రాక్టికల్ చేసినవాళ్లే. డ్రైవర్ సోదరుల కోసం చెబుతాను. చెయ్యిని బల్లకు కట్టేస్తారు. నడిమి వేలికి తాడు, తాడు చివర బరువు. రెండు సెకన్లకోసారి వేలు వంచి బరువు లాగుతూ ఉండాలి. పక్కన డోలు తిరుగుతూ ఉంటుంది, దాని మీది కాగితంపై గీతలు పడతాయి. మొదట ఎత్తుగా, తర్వాత పొట్టిగా, చివరికి ఏమీ లేకుండా. ఈ పరికరాన్ని తయారుచేసింది ఇటలీలో ట్యూరిన్ నగరానికి చెందిన ఏంజెలో మోసో. ఆయన 1891లో అలసట మీద 'లా ఫాటికా' అనే పుస్తకం అచ్చు వేశాడు. తన తోటి వైద్యుడొకరు గంటల తరబడి విద్యార్థులకు మౌఖిక పరీక్షలు పెట్టి వచ్చాక వేలు కట్టి చూస్తే, గీతలు మామూలుకంటే చాలా ముందే పొట్టివైపోయాయి. బరువులేవీ మోయని మనిషి, కుర్చీలో కూర్చుని ప్రశ్నలడిగిన మనిషి, వేలిలో బలం కోల్పోయాడు. మెదడు అలసట ఒంట్లోకి దిగుతుందని ఆ గీతలు చూపించాయి.

మాస్టారు ఈ ప్రాక్టికల్‌లో ఒక భాగాన్ని ఎప్పుడూ వదిలేవారు కాదు. వేలు ఆగిపోయే దశకు వచ్చిన కుర్రాడి వెనక నిలబడి, "ఇంకొక్కటి, ఇంకొక్కటి లాగు" అని ప్రోత్సహించమని మమ్మల్ని అనేవారు. ఆగిపోయిన గీతలు మళ్లీ లేచేవి. కండరంలో కొత్త శక్తి పుట్టలేదు, కొత్త రక్తం ఎక్కించలేదు. నలుగురూ చూస్తున్నారన్న స్పృహ ఒక్కటే కలిసింది. మోసో పరికరం అలసటను కొలిచిందా, పట్టుదలను కొలిచిందా? రెండూ కలిసిన మొత్తాన్ని కొలిచింది. అందులోంచి అలసటను మాత్రం విడదీసి చూపించడం దానివల్ల కాలేదు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిగంటలు విపరీతంగా పెరిగాయి. అక్కడ అలసట మీద ప్రభుత్వమే పరిశోధన చేయించింది. ఆ పరిశోధనల్లో పాల్గొన్న బెర్నార్డ్ మస్చియో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లో ఒక వ్యాసం రాశాడు. అలసటకు పరీక్ష సాధ్యమా అన్నదే దాని శీర్షిక. సాధ్యం కాదని తేల్చాడు. అలసట అన్న భావనను కచ్చితమైన శాస్త్రచర్చలోంచి తీసేయాలని, దానికి పరీక్ష కనిపెట్టే ప్రయత్నం మానుకోవాలని సూచించాడు. అతను చూపిన అడ్డంకి నిజమైనదే. దాని నుంచి తీసిన నిర్ణయం మాత్రం నాకు అంగీకారం కాదు. కొలవలేమని చేతులెత్తేస్తే నష్టపోయేది కర్మాగారం యజమాని కాదు, యంత్రం ముందు నిలబడ్డవాడు.

2. అడిగి తెలుసుకోవడం

అన్నిటికంటే తేలిక పద్ధతి మనిషినే అడగడం. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఏడు మెట్ల కొలమానం తయారైంది. పూర్తి చురుకుతనం ఒక చివర, నిద్రలోకి జారిపోవడం మరో చివర. 1990లో స్వీడన్‌లో కరోలిన్‌స్కా కొలమానం వచ్చింది, అది తొమ్మిది మెట్లది. ఈ రెండూ ఈ క్షణంలో ఎలా ఉన్నావని అడుగుతాయి. మరుసటి ఏడాది మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆస్పత్రిలో ముర్రే జాన్స్ మరో దారి పట్టాడు. ఇప్పుడెలా ఉందని అడగకుండా, ఎనిమిది సందర్భాలిచ్చి ఒక్కోదానిలో కునుకు పట్టే అవకాశమెంత అని అడిగాడు. చదువుతూ కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, మీటింగులో ఊరికే కూర్చున్నప్పుడు, భోజనమయ్యాక, కారు ట్రాఫిక్‌లో కాసేపు ఆగినప్పుడు... ఇలాగ. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం ఇరవై నాలుగు. పది దాటితే పగటినిద్ర ఎక్కువగా ఉన్నట్టు లెక్క. గురక రోగులను చూసే ప్రతి డాక్టరు బల్ల మీదా ఈ కాగితం ఉంటుంది.

మన రోగుల దగ్గర దీన్ని వాడేటప్పుడు కాస్త ఆలోచన కావాలి. కారే ఎక్కని రైతును కారు గురించి అడిగి మార్కులు వేస్తే ఆ మొత్తానికి విలువ లేదు. బస్సులో కిటికీ పక్క సీటు గురించి అడగాలి, రచ్చబండ మీద కూర్చున్నప్పటి సంగతి అడగాలి. కొలమానాన్ని మన బతుకులోకి తెచ్చుకోవడమంటే ప్రశ్నలను తెలుగులోకి మార్చడంతో అయిపోదు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ బృందం నలభై ఎనిమిది మంది ఆరోగ్యవంతుల మీద జరిపిన ప్రయోగ ఫలితాలు అచ్చయ్యాయి. కొందరిని వరసగా పద్నాలుగు రాత్రులు ఎనిమిదేసి గంటలు పడుకోనిచ్చారు, కొందరిని ఆరేసి, కొందరిని నాలుగేసి గంటలే. ఆరు, నాలుగు గంటలవాళ్ల పనితనం రోజురోజుకీ దిగజారుతూ పోయింది. రెండు వారాలు తిరిగేసరికి ఒకటి రెండు రాత్రులు పూర్తిగా నిద్ర మానినవాళ్ల స్థాయికి పడిపోయింది. నీకు ఎంత నిద్ర వస్తోందని అడిగితే వాళ్లు ఇచ్చిన మార్కులు మాత్రం మొదటి కొన్ని రోజులు పెరిగి, ఆ తర్వాత దాదాపు అక్కడే నిలిచిపోయాయి. లోపల గుంట లోతవుతూనే ఉంది, పైన ఉన్నవాడికి తెలియలేదు.

ఆరు గంటలు. ఈ హాలులో ఎంతమంది రోజూ ఆరు గంటల నిద్రతో సరిపెట్టుకుంటూ 'నాకు అలవాటైపోయింది' అనుకుంటున్నారో ఒక్కసారి తలుచుకోండి. అలవాటైంది ఆ అనుభూతి మాత్రమే. పనితనానికి అలవాటు కాలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఇంగ్లండులో లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ హోర్న్, లూయిజ్ రేనర్ డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద చేసిన పరిశోధనల్లో, నిద్రలోకి జారిన డ్రైవర్లకు అంతకుముందే నిద్రమత్తు తెలుస్తూనే ఉందని తేలింది. దాన్ని అణిచి ముందుకు సాగుతున్నారు. కాబట్టి 'డ్రైవరుకు తెలియకుండానే నిద్ర పట్టేసింది' అన్నది సగం నిజం. మత్తు వచ్చిందని తెలుసు. రెప్ప ఏ క్షణంలో మూతపడుతుందో తెలియదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్ల కునుకంటే బండి ఎనభై మీటర్లకు పైగా ఎవరి అదుపూ లేకుండా పోయినట్టు. ఒక్కరోజు నిద్ర తప్పినవాడికి తన మత్తు తెలుస్తుంది. నెలల తరబడి కొద్దికొద్దిగా తప్పినవాడికి అది కూడా సరిగా తెలియదు. రాత్రి సర్వీసుల మీద బతికేవాళ్లు ఈ రెండో రకం.

3. పని పెట్టి చూడటం

మాటను నమ్మలేకపోతే పని ఇచ్చి చూడాలి. 1896లో అమెరికాలోని అయోవాలో ప్యాట్రిక్, గిల్బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ముగ్గురు మనుషులను తొంభై గంటలు మేలుకోబెట్టారు. ఆరేసి గంటలకోసారి ప్రతిస్పందన వేగం, జ్ఞాపకశక్తి, పట్టుబలం చూస్తూ పోయారు. మనిషి నిద్రలేమి మీద ప్రయోగశాలలో జరిగిన మొదటి అధ్యయనంగా దాన్నే చెప్పుకుంటారు. మాస్టారు ఇష్టంగా చెప్పే కథల్లో ఇదొకటి.

ఆ తర్వాత యాభై ఏళ్లపాటు పరిశోధకులను ఒక విషయం వేధించింది. ఒక రాత్రంతా మేలుకున్నవాడికి కష్టమైన లెక్కలిస్తే బాగానే చేస్తున్నాడు, తెలివితేటల పరీక్ష పెడితే నెగ్గుతున్నాడు. మరి నిద్రలేమి వల్ల నష్టం లేదనుకోవాలా? దీనికి సమాధానం రెండు చోట్ల దొరికింది.

మొదటిది యుద్ధరంగంలో. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలో రాడార్ తెర ముందు గంటల తరబడి కూర్చుని జలాంతర్గాముల కోసం చూసే సైనికులు గుర్తులను ఎందుకు వదిలేస్తున్నారో తేల్చే పని నార్మన్ మాక్‌వర్త్ మీద పడింది. ఆయన అంకెలు లేని గడియారం ఒకటి చేయించాడు. ముల్లు ఒక్కో గెంతు వేస్తూ పోతుంది, అప్పుడప్పుడు రెండు గెంతులు ఒకేసారి వేస్తుంది. అది కనబడగానే మీట నొక్కాలి. అంతే పని, రెండు గంటలపాటు. మొదటి అరగంట దాటేసరికే మనుషులు గెంతులను వదిలేయడం ఎక్కువైంది. రెండోది కేంబ్రిడ్జిలో. రాబర్ట్ విల్కిన్సన్ 1960లలో నిద్రలేమి దెబ్బ ఎలాంటి పని మీద పడుతుందో ఓపికగా తేల్చాడు. పని ఆసక్తిగా ఉంటే, చిన్నదైతే, మార్కులు వెంటనే చెబితే మనిషి తట్టుకుంటాడు. పని విసుగ్గా ఉండి, ఎక్కువసేపు సాగి, మెచ్చుకునేవాడు లేకపోతే కూలిపోతాడు.

దీనర్థం గమనించండి. ఎర్గోగ్రాఫ్ దగ్గర వెనక నిలబడి ప్రోత్సహించిన కుర్రాళ్లను ఇక్కడ తీసేశారు. పరీక్షలోంచి ఉత్సాహాన్ని తీసేస్తే అలసట బయటపడింది. రాత్రి రెండింటికి గూడ్సు ఇంజన్లో కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి ఆకుపచ్చ సిగ్నళ్లు చూడటం, వార్డులో అందరూ నిద్రపోతున్న వేళ సెలైను సీసాలు చూస్తూ తిరగడం విసుగైన, పొడవైన, ఎవరూ మెచ్చుకోని పనులే. నిద్రలేమి దెబ్బ తీసేదీ అక్కడే.

ఈ అవగాహన మీదే 1985లో డేవిడ్ డింజెస్, జాన్ పావెల్ కలిసి సైకోమోటార్ విజిలెన్స్ టెస్ట్ తయారుచేశారు. పీవీటీ అంటారు. ఇంతకంటే సాదా పరీక్ష ఉండదు. చిన్న కిటికీలో అంకెలు పరుగెత్తడం మొదలవుతుంది, చూడగానే బొటనవేలితో నొక్కాలి. మళ్లీ ఎప్పుడు వస్తాయో తెలియదు. రెండు సెకన్లకు రావచ్చు, పది సెకన్లకు రావచ్చు. పది నిమిషాలు. బాగా నిద్రపోయినవాడు పావు సెకను ప్రాంతంలో నొక్కుతాడు. అర సెకను, అంటే 500 మిల్లీసెకన్లు దాటితే దాన్ని తప్పిపోయిన స్పందనగా రాసుకుంటారు. చదువుతో పనిలేదు, భాషతో పనిలేదు. పదిసార్లు చేసినా సాధన వల్ల ఫలితం పెద్దగా మారదు. అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములకు కూడా దీన్నే కుదించి వాడారు.

నిద్ర తగ్గినవాడి పీవీటీలో సగటు వేగం కొద్దిగానే తగ్గుతుంది. పెరిగేది తేడా. వరసగా ఐదుసార్లు చక్కగా నొక్కి, ఆరోసారి రెండు సెకన్లు మాయమైపోతాడు. మళ్లీ ఏమీ జరగనట్టు చక్కగా నొక్కుతాడు. నిద్రలేమి మనిషిని నిదానం చేస్తుందన్న మాటకంటే, నమ్మలేనివాణ్ణి చేస్తుందన్న మాట నిజానికి దగ్గర. సూపర్‌వైజరు వచ్చి చూసిన క్షణంలో అతను బాగానే ఉంటాడు. రెండు నిమిషాలు చూసి 'ఫిట్' అని రాసే పద్ధతి మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే.

4. ఒంటిని అడగడం

సంకల్పం చేరలేని చోటు ఒంట్లో ఏదైనా ఉందా? జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు తరంగాలను మొదటిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు కనిపించే ఆల్ఫా తరంగాలు నిద్రలోకి జారుతుంటే చెదిరిపోతాయి. ఈఈజీ తీగలు తలకు అంటించి ఉంటే మనిషి నిద్రలోకి జారిన సమయాన్ని సెకన్ల తేడాలో పట్టుకోవచ్చు. మేరీ కార్‌స్కాడన్, విలియం డెమెంట్ 1970లలో దీని మీదే ఒక పరీక్ష కట్టారు. పగలు రెండేసి గంటల ఎడంతో నాలుగైదుసార్లు చీకటి గదిలో పడుకోబెట్టి, నిద్రపొమ్మంటారు. ఎన్ని నిమిషాల్లో నిద్ర పట్టిందో చూస్తారు. ఇరవై నిమిషాలకు పట్టకపోతే లేపేస్తారు. సగటు ఎనిమిది నిమిషాలు, అంతకంటే తక్కువైతే జబ్బుగా అనుమానిస్తారు. నార్కొలెప్సీ అనే జబ్బును తేల్చేది ఇలాగే.

తర్వాత దీన్ని తిరగేసి ఇంకో పరీక్ష వచ్చింది. మసక వెలుతురులో కూర్చోబెట్టి, నలభై నిమిషాలు నిద్రపోకుండా ఉండమంటారు. చిత్రమేమిటంటే ఈ రెండు పరీక్షల ఫలితాలు చాలాసార్లు కలవవు. మొదటిదాంట్లో నిమిషాల్లో నిద్రపోయినవాడు రెండోదాంట్లో పూర్తి సమయం నిలబడవచ్చు. నిద్ర పట్టే గుణం వేరు, నిద్రను ఆపుకునే శక్తి వేరు. డ్యూటీ చేసేవాడికి రెండోది కావాలి. కానీ పరీక్షలో నెగ్గితే ఉద్యోగం ఉంటుందన్న రోజున ఎవరైనా నిద్రను ఆపుకుంటాడు. మళ్లీ పట్టుదలే అడ్డొచ్చింది.

కంటిపాప దగ్గర మాత్రం పట్టుదల ఆటలు సాగవు. చీకట్లో కూర్చోబెడితే మెలకువగా ఉన్నవాడి కంటిపాప పెద్దగా, కదలకుండా ఉంటుంది. నిద్రమత్తులో ఉన్నవాడిది చిన్నదవుతూ పెద్దదవుతూ అలలు అలలుగా ఊగుతుంది. లోవెన్‌స్టైన్, లోవెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో దీన్ని గమనించారు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో దాన్ని పదకొండు నిమిషాల పరీక్షగా మలిచారు. అందమైన కొలత ఇది. కానీ దానికి చీకటి గది కావాలి, కదలని తల కావాలి. హైవే మీద రెండూ దొరకవు.

అందుకే రోడ్డు మీదికి వచ్చేసరికి రెప్పల మీద పడ్డారు. వర్జీనియాలో వాల్టర్ వియర్‌విల్ బృందం 1990లలో పెర్‌క్లోస్ అనే కొలతను తెచ్చింది. కంటిపాపను రెప్ప ఎనభై శాతానికి మించి కప్పేసిన సమయం మొత్తం సమయంలో ఎంత భాగమో లెక్కిస్తారు. మామూలుగా కళ్లు ఆర్పడం ఇందులోకి రాదు, భారంగా వాలే రెప్పే లెక్కలోకి వస్తుంది. ఇవాళ కార్లలో, గనుల్లోని భారీ ట్రక్కుల్లో బిగిస్తున్న కెమెరాల వెనక చాలావరకు ఈ ఆలోచనే ఉంది. ఐరోపా కూటమి 2024 జూలై నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారులోనూ నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి చేసింది. కొన్ని బండ్లు రెప్పలు చూడకుండా స్టీరింగు తిప్పే తీరును బట్టి అంచనా వేస్తాయి. మంచిదే. అయితే కళ్లు తెరిచే ఉండి చూపు ఆగిపోయే క్షణాలుంటాయి. కెమెరాకు అవి అందవు. రెప్ప వాలిందని కెమెరా చెప్పేసరికి ప్రమాదం సగం దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

5. గడియారం

ఇంతవరకూ మనిషినే చూశాం. ఇప్పుడు గోడ గడియారం వైపు చూద్దాం.

షికాగోకు చెందిన నథానియేల్ క్లైట్‌మన్ 1938లో తన విద్యార్థితో కలిసి కెంటకీలోని మామత్ గుహలో ముప్ఫై రెండు రోజులు గడిపాడు. పగలూ రాత్రీ తెలియని చోట ఇరవై ఎనిమిది గంటల రోజు పాటించి చూశారు. కుర్రవాడి శరీరం దానికి సర్దుకుంది. క్లైట్‌మన్ ఒంటి ఉష్ణోగ్రత మాత్రం ఇరవై నాలుగు గంటల పాత లయను వదల్లేదు. ఆ ఉష్ణోగ్రత తెల్లవారుజామున బాగా పడిపోతుంది, చురుకుతనం కూడా దాని వెంటే పడిపోతుంది. 1982లో స్విట్జర్లాండులో అలెగ్జాండర్ బోర్బెలీ నిద్రను నడిపించే రెండు శక్తులను ఒక లెక్కలోకి తెచ్చాడు. మేలుకున్నకొద్దీ పేరుకునే నిద్ర ఒత్తిడి ఒకటి, ఒంటిలోని గడియారం రెండోది. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా ఈ రెండూ ఒకే వైపు లాగుతాయి. ఆ నాలుగు గంటల్లో డ్యూటీలో ఉన్నవాడి మీద ఏ పరికరం పెట్టకపోయినా, ఎప్పుడు లేచాడో, ముందు రోజుల్లో ఎంత పడుకున్నాడో తెలిస్తే ప్రమాదం ఎంతో చాలావరకు చెప్పేయవచ్చు.

1997లో ఆస్ట్రేలియాకు చెందిన డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ 'నేచర్' పత్రికలో అచ్చు వేసిన చిన్న నివేదిక దీన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పింది. పదిహేడు గంటలు మేలుకున్నవాడి చేతి కంటి పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగుతుంది. ఇరవై నాలుగు గంటలైతే 0.10 శాతం. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితేనే నేరం. పొద్దున ఐదింటికి లేచిన డ్రైవరు రాత్రి పదింటికి స్టీరింగు ముందు ఉంటే, చుక్క కూడా తాగకుండా ఆ హద్దు దాటిపోయాడు. గొట్టంలో ఊదిస్తే సున్నా వస్తుంది.

ఆ తెల్లవారుజాము వేళ ఏం జరగగలదో మన దేశంలోనే చూశాం. 2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడింది. నూట యాభై ఎనిమిది మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. పొద్దున ఆరింటి వేళ. విచారణ సంఘం కాక్‌పిట్ రికార్డింగు విన్నది. ప్రయాణంలో చాలాసేపు కెప్టెన్ నిద్రలో ఉన్నాడు, గురక వినిపించింది. దిగే ముందు లేచాడు. ఎత్తు ఎక్కువగా ఉందని, దిగడం ఆపి మళ్లీ పైకి వెళ్దామని కోపైలట్ మూడుసార్లు చెప్పినా దించేశాడు. ప్రత్యక్ష కారణం దిగడం ఆపకపోవడమే అని సంఘం తేల్చింది. గాఢనిద్ర నుంచి లేచాక కాసేపు మనిషిని పట్టుకుని ఉండే మొద్దుదనం ఆ నిర్ణయాన్ని చెడగొట్టి ఉంటుందని కూడా రాసింది. డ్యూటీ చార్టు రాసేవాళ్లు చదవాల్సిన నివేదిక అది. కునుకు మంచిదే, కానీ దానికి కొలత ఉంది. పావుగంట, ఇరవై నిమిషాల కునుకు తేరుస్తుంది. గంట దాటిన నిద్ర నుంచి లేచిన వెంటనే మనిషి చేతికి యంత్రం అప్పగించకూడదు.

డాక్టర్లకు ఒక్క మాట. 2004లో బోస్టన్‌లో క్రిస్టఫర్ లాండ్రిగన్ బృందం చూసినప్పుడు, పాత పద్ధతిలో పొడవైన డ్యూటీలు చేసిన ఇంటర్న్‌లు ఐసీయూలో ముప్ఫై ఆరు శాతం ఎక్కువ తీవ్రమైన తప్పులు చేశారు. ముప్ఫై ఆరు గంటల డ్యూటీ చేసిన గర్వం మనందరికీ ఉంది. ఆ గర్వాన్ని పిల్లలకు ఇవ్వకండి.

6. కొలత ఎవరి చేతిలో ఉంది

రైల్వే రన్నింగ్ స్టాఫ్ సోదరులకు వీసీడీ అనే పరికరం సంగతి నేను చెప్పనక్కరలేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. ఇంజన్లో సుమారు నిమిషంపాటు లోకో పైలట్ ఏ పనీ చేయకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత బజరు మోగుతుంది, అప్పటికీ స్పందించకపోతే బ్రేకు పడుతుంది. స్పృహ తప్పినవాణ్ణి, గుండెపోటు వచ్చినవాణ్ణి అది కాపాడుతుంది. మగతలో ఉన్నవాడి విషయంలో మాత్రం దాని మీద పూర్తి భరోసా పెట్టలేం. రోజూ చేసే పనిని వేలు సగం నిద్రలోనూ చేసేస్తుంది.

హైవేల మీద అర్ధరాత్రి దాటాక మన పోలీసులు లారీలు ఆపి, డ్రైవర్ల చేత మొహం కడిగిస్తున్నారు. ఆ చలిలో రోడ్డు మీద నిలబడి చేస్తున్న ఆ పనికి చేతులెత్తి నమస్కరిస్తాను. బండి ఆగడమే పెద్ద మేలు. కానీ చల్లగాలి, రేడియో మత్తును తీర్చేది కొద్దిసేపే అని హోర్న్, రేనర్ చూపించారు. కాఫీ తాగి, అది పనిచేసేలోపు పావుగంట కునుకు తీయడం వాటికంటే చాలా మేలని కూడా వాళ్లే చూపించారు. నీళ్ల బకెట్ పక్కన బండి నిలుపుకునే చోటు, కాఫీ, పావుగంట పడుకోనిచ్చే అనుమతి ఉంటే ఆ కార్యక్రమం ఇంకా ఎన్నో ప్రాణాలు నిలబెడుతుంది.

చట్టం లేదని కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలని చెప్పింది. ట్రిప్పుకింత అని కిరాయి మాట్లాడుకునే చోట ఆ గంటలు ఎవరు లెక్కపెడుతున్నారు? విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో పైలట్ల వారపు విశ్రాంతిని ముప్ఫై ఆరు గంటల నుంచి నలభై ఎనిమిదికి పెంచింది. రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించింది. రెండో విడత 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో సరిపడా పైలట్లు లేక వేలాది విమానాలు రద్దయ్యాయి. వెంటనే సడలించింది ఈ విశ్రాంతి నియమాల్లో కొన్నిటినే. ప్రయాణికుల అవస్థ నేనూ చూశాను, కోపం న్యాయమే. అయినా మనుషులు చాలనప్పుడు ముందుగా నిద్రను తీసి ఖర్చుపెట్టే అలవాటు ఎంత లోతుగా ఉందో ఆ వారం తేటతెల్లమైంది.

కెమెరాలు, చేతి పట్టీలు, పీవీటీ యాప్‌లు ఇక మన డిపోల్లోకి, రైల్వే సిబ్బంది సైన్ ఆన్ చేసే లాబీల్లోకి వస్తాయి. వాటిని నేను వ్యతిరేకించను. ఒక్క నిబంధన కోరతాను. రెప్ప వాలిందని పరికరం చెప్పినప్పుడు మొదట సంజాయిషీ ఇవ్వాల్సింది ఆ డ్యూటీ వేసినవారు. మెమో డ్రైవరుకు వెళ్లే చోట డ్రైవరు ఆ పరికరాన్ని మోసగించే దారి వెతుకుతాడు, వెతికి తీరతాడు. అలాంటి చోట కొలత మళ్లీ పట్టుదల పరీక్షగా మారిపోతుంది.

నిద్ర చాలిందో లేదో చూడటానికి ఖరీదైన పరికరం కోసం ఆగనవసరం లేదు. డ్రూ డాసన్, కర్‌స్టీ మెక్‌కలక్ 2005లో ఒక తేలిక లెక్క ప్రతిపాదించారు. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో ఐదు గంటల నిద్ర లేకపోయినా, గడిచిన నలభై ఎనిమిది గంటల్లో పన్నెండు గంటల నిద్ర లేకపోయినా, లేచినప్పటి నుంచి డ్యూటీ దిగేదాకా మేలుకునే సమయం ఆ రెండు రోజుల నిద్రకంటే ఎక్కువైపోయినా ఆ మనిషిని సురక్షితమని అనుకోవద్దన్నారు. మూడు ప్రశ్నలు. సైన్ ఆన్ రిజిస్టరులో మూడు గడులు.

ఈ సభలో లాబీ సూపర్‌వైజర్లు ఉన్నారు, డిపో మేనేజర్లు ఉన్నారు, ఆస్పత్రుల్లో డ్యూటీ చార్టులు రాసే ప్రొఫెసర్లు ఉన్నారు, లారీ యజమానులు ఉన్నారు. మీకు నా విన్నపం ఇది. ఊదించే గొట్టం పక్కనే ఆ మూడు గడులు గీయించండి. నిద్ర చాలలేదని రాసినవాడికి ఆ రోజు జీతం, కిలోమీటరేజీ, ట్రిప్పు డబ్బు కోత పెట్టకండి. కోత పెడితే ప్రతివాడూ ఎనిమిది గంటలు పడుకున్నానని రాస్తాడు, ఆ రిజిస్టరు ఎందుకూ పనికిరాదు.